మీ నాయనకు చెప్పు

9 ఆగస్టు 1981, ఆదివారం

ఈ డైరీని జనవరిలో బేరింగుల కంపెనీ వాళ్ళు ఇచ్చారు. ఇన్ని నెలలూ దీని మీద స్కూటరు తాళాలు పెట్టుకున్నాను. ఇవాళే మొదటిసారి తెరిచాను.

పొద్దున ఆరాధన అయ్యాక సంఘం పెద్దలు కూర్చుని, అమ్మ జ్ఞాపకార్థ కూడిక సెప్టెంబరు పదమూడున పెట్టుకుందామన్నారు. వంట ఎవరు చూడాలి, షామియానా ఎవరు తేవాలి అని పనులు పంచారు. జీవిత చరిత్ర నా వంతుకు వచ్చింది. మా చర్చిలో ఎవరు పోయినా కూడికలో వాళ్ళ జీవిత చరిత్రను ఇంటివాళ్ళలో ఒకరు నిలబడి చదవాలి.

"పెద్దకొడుకు, పైగా ఇంజినీరింగ్ కాలేజీల లెక్చరరు. కృపానందం కాకుంటె ఇంకెవరు రాస్తరు?" అన్నారు పాస్టరుగారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. కాస్త గర్వంగానే ఊపినట్టున్నాను.

అమ్మ పోయి నెల దాటింది. నేను బాగానే ఉన్నాను. పనిలో పడితే ఏమీ అనిపించదు. ఈ జలుబు ఒక్కటే తగ్గడం లేదు.

11 ఆగస్టు

జీవిత చరిత్ర పూర్తయింది. కూర్చున్న చోటు నుంచి లేవకుండా రాసేశాను. రిపోర్టులు రాయడం నాకేం కొత్త? ఒకటి, జననం, నేపథ్యం. రెండు, వివాహం, సంతానం. మూడు, ఆరోగ్య స్థితి. నాలుగు, ముగింపు. అమ్మ ఎప్పుడు పుట్టిందో ఎవరికీ సరిగా తెలియదు కాబట్టి 'శ్రీమతి రాహేలు, జననం 1920' అని రాసి, పక్కన ప్లస్ మైనస్ గుర్తు వేసి 'రెండేళ్ళు' అని పెట్టాను. తెలియని కొలతను తెలియదని ఒప్పుకోవడం మా వృత్తి ధర్మం. గుర్తు చాలా అందంగా కుదిరింది.

నా భార్య విమల బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ, అదే చేత్తో నాది కూడా తీసుకుని చదివింది. ఎర్రసిరా కలం పట్టుకునే చదివింది.

"మంచిగుంది. ఈ బాయిలరు ఏ కంపెనీదండి?" అంది.

టీచర్లకు వెటకారం ఎక్కువ.

12 ఆగస్టు

సాయంత్రం నాయనకు చదివి వినిపించాను. నాయన కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని, దూరంగా వినిపించే ఇంజను ఏ రకమో చెప్పడం ఆయన ఉద్యోగం. కళ్ళు మూసుకుని విన్నాడు. 'ఆరోగ్య స్థితి' దగ్గర నిద్రపోయాడేమో అనుకున్నాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది నాయనా."

కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు. తరువాత అన్నాడు: "కృపా, నువ్వు పెద్ద సదువు సదివినవ్ గదా. ఒక్కటి కనుక్కోని అండ్ల రాయి."

"ఏంది నాయనా?"

"మీ అమ్మ నాతోని ఎందుకు మాట్లాడకపాయె?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నిత్యం మాట్లాడుకుంటనే ఉంటిరి గదా" అన్నాను.

"ఎవలు మాట్లాడిండ్రు? నువ్వు మాట్లాడినవ్. నువ్వు హాస్టలుకు పోతె నీ తమ్ముడు మాట్లాడిండు. పెండ్లయి వచ్చినంక నీ పెండ్లాం మాట్లాడింది. ఆమె నా దిక్కు జూసి ఒక్క మాట అనంగ ఇన్నవా నువ్వు?"

విన్నానా? కూర్చుని ఆలోచించాను. అమ్మ గొంతు వినిపించింది. 'మీ నాయనకు చెప్పు.' ఎప్పుడు విన్నా అదే. మీ నాయనకు చెప్పు, అన్నం పెట్టిన. మీ నాయనకు చెప్పు, మీ మేనమామ వచ్చిండు. నాయన పక్క గదిలో ఉన్నా అదే, పక్క మంచం మీద ఉన్నా అదే.

దీన్ని నేను మర్యాద అనుకున్నాను. నా తప్పేముంది? మా రైల్వే క్వార్టర్లలో ఏ ఆడమనిషి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది, ఏ ఆడమనిషి ఎదురుగా నిలబడి ముచ్చట పెట్టింది? అన్ని ఇళ్ళలోనూ పిల్లల చేత చెప్పించేవాళ్ళు. కాకపోతే మిగతా ఇళ్ళలో జనం ముందు మాత్రమే అలా ఉండేవాళ్ళని, తలుపు వేసుకున్నాక మాట్లాడుకునేవాళ్ళని నాకు తట్టలేదు. నలభై ఏళ్ళు వచ్చాయి. థర్మోడైనమిక్స్ చెబుతాను.

"కోపం మీదనే పోయిందా, ఎట్ల? గదొక్కటి తెలిస్తె చాలు నాకు" అన్నాడు నాయన. లేచి లోపలికి పోయాడు.

13 ఆగస్టు

ఇవాళ ఏమీ రాయలేదు.

15 ఆగస్టు, శనివారం

కాలేజీలో జెండా వందనం. లడ్డు.

పంపు నీళ్ళు ఎత్తకపోతే ఏం చేస్తాం? కారణాలన్నీ వరుసగా రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతాం. చివరికి మిగిలినదే రోగం. అదే పద్ధతిలో మొదలుపెట్టాను. తాగుడు: నాయన కల్లు కూడా ముట్టడు. కొట్టేశాను. చెయ్యి చేసుకోవడం: ఎన్నడూ లేదు. కొట్టేశాను. అత్తగారి పోరు: నానమ్మ వీళ్ళ పెళ్ళికి ముందే పోయింది. కొట్టేశాను. వేరే ఆడమనిషి: వరండాలోకి తొంగిచూసి నాయన ముఖం ఒకసారి పరిశీలించి కొట్టేశాను. జాబితా అయిపోయింది. పంపు భేషుగ్గా ఉంది, నీళ్ళు మాత్రం రావడం లేదు.

లడ్డు తింటుంటే ప్రిన్సిపాల్‌గారు, సిలబస్ కమిటీ సెప్టెంబరు పదకొండున, మీ ప్రతిపాదన టైపయిందా అని అడిగారు. అయింది. రెండో సంవత్సరంలో హ్యుమానిటీస్ పేపరు తీసేసి ఆ గంటల్లో కంప్యూటరు ప్రోగ్రామింగ్ పెట్టాలన్న ప్రతిపాదన నాదే. 'మరలు నడిపేవాడికి మనుషుల చరిత్రా సాహిత్యం అదనపు బరువు' అన్న వాక్యం అందరికీ నచ్చింది. అది రాసిన రోజు రెండు కప్పుల టీ తాగాను.

18 ఆగస్టు

హ్యుమానిటీస్ చెప్పే రాజేశ్వర్ రావు గది మా వర్క్‌షాపు వెనక, కొలిమి పక్కన ఉంది. ఆయన చరిత్ర ఎం.ఏ. కొలిమి మండినప్పుడల్లా కుర్చీ తీసుకుని వేపచెట్టు కిందికి వస్తాడు. ఇవాళ అక్కడే పట్టుకున్నాను. టైంటేబుల్ గురించి వచ్చినట్టు మొదలుపెట్టాను.

"నా పేపరు తీసేస్తాన్నరట గదా సార్" అన్నాడు, టీ తాగుతారా అన్నంత సులువుగా. "తీసేయుండ్రి. నేను చెప్తాంటె నాకే నిద్రొస్తాంది. ఇరవై ఏండ్ల సంది అవే నోట్సు."

ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. నోరు విప్పి, మా స్నేహితుడొకడు ఉన్నాడు, వాళ్ళ అమ్మానాన్నా ఇలా అని చెప్పాను. అసలు కారణం కనిపెట్టాలంటే చరిత్రవాళ్ళు ఏం చేస్తారు అని అడిగాను. ఆయన పాన్ నములుతూ అంతా విన్నాడు.

"మీ అమ్మగారికి కోపమొస్తె ఏం చేసేది సార్?" అన్నాడు.

స్నేహితుడని చెప్పాను కదా. సరే.

"మా అమ్మకు కోపం వచ్చేది కాదు" అన్నాను.

"అంటె మీరు జూడలేదన్నట్టు."

తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు. అమ్మకు ఏ కూర ఇష్టం? తెలియదు. అమ్మ దేనికి నవ్వేది? తెలియదు. ఉక్కు ఎంత లాగితే తెగుతుందో మూడు రకాలకు నోటికి చెప్పగలను. వెళ్ళబోతుంటే ఆయన వెనక నుంచి అన్నాడు:

"కారణం అడుగకుండ్రి సార్. కారణం అడిగితె మనుషులు ఏదో ఒకటి తయారుచేసి చేతుల పెడ్తరు. ఆ రోజు ఏం జరిగింది, ఎవరెక్కడున్నరు, ఏం వండిండ్రు, గది అడుగుండ్రి. మిగిలింది వాళ్ళే చెప్తరు."

ఏం వండారని అడగాలట. ఎం.ఏ. చరిత్ర.

23 ఆగస్టు, ఆదివారం

ఆరాధన ఎగ్గొట్టి వర్ధన్నపేట వెళ్ళాను. క్వార్టర్లలో మా పక్కింట్లో ఉండే బక్కమ్మ పెద్దమ్మ అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. అమ్మకు ఆమెతోనే స్నేహం. చూపు తగ్గింది, మాట తగ్గలేదు.

మంచినీళ్ళు తాగగానే, "పెద్దమ్మా, మా అమ్మ నాయనతో ఎందుకు మాట్లాడలే?" అని అడిగేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది.

"నాకేం తెలుసు బిడ్డా. మీ ఇంటి ముచ్చట" అంది. అయిపోయింది.

కాసేపు వాళ్ళ గేదెలను చూశాను. తరువాత సిగ్గు విడిచి, మాట్లాడటం మానేసిన రోజు మా ఇంట్లో ఏం వండారు పెద్దమ్మా అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వండినోళ్ళు ఎవలు బిడ్డా? నేనే వండిన. పప్పు, అన్నం. మీ అమ్మ పొయ్యి కాడికి వచ్చేటట్టు ఉన్నదా? మార్త పోయిన తెల్లారి గదా."

మార్త నా చెల్లెలు. జ్వరమొచ్చి దవాఖానలో పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాయన ఆ వేళ పట్టాలు తప్పిన బండిని లేపడానికి డోర్నకల్ దిక్కు పోయాడట. కబురు ఆలస్యంగా అందింది. వచ్చేసరికి మట్టి చేశారు.

"కాళ్ళు కడుక్కోని కూసున్నడు. మీ అమ్మనే లేసి పళ్ళెం పెట్టింది. తిన్నడు బిడ్డా. పెట్టినంత తిన్నడు. ఒక్క సుక్క కన్నీళ్ళు రాలె. మీ అమ్మ గోడకు నిలవడి సూసుకుంట ఉన్నది. అగో, గప్పటి సంది."

నా రిపోర్టులో రెండో శీర్షిక కింద 'ఒకరు శైశవంలో మరణించారు' అని ఉంది. పేరు రాయలేదు. పేరు ఉందన్న సంగతే గుర్తు రాలేదు. తిరుగు బస్సులో అంతసేపూ దాని గురించే నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురుగాలికి జలుబు బాగా ఎక్కువై కళ్ళు కూడా కారాయి.

26 ఆగస్టు

రాజేశ్వర్ రావు దగ్గరికి విజయోత్సాహంతో వెళ్ళాను. కారణం దొరికింది, రుజువైంది, ఇక రాయడమే అన్నాను.

ఆయన పాన్ దవడ మార్చుకుని, "మీ తమ్ముడు ఎప్పుడు పుట్టిండు సార్?" అన్నాడు.

మార్త పోయిన నాలుగేళ్ళకు పుట్టాడు.

"అంటె మాటలే బందయినయన్నట్టు" అన్నాడు.

నా చెవులు వేడెక్కాయి. ఈ వయసులో. కన్నతల్లి జీవిత చరిత్ర రాయడంలో ఇలాంటి ఇబ్బందులుంటాయని ఎవరూ హెచ్చరించలేదు. డేటా దేనికీ అతకడం లేదు.

31 ఆగస్టు, సోమవారం

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగాను. "రాహేలమ్మ వినయశీలి, మితభాషి, భర్తకు లోబడిన స్త్రీ" అన్నారు. పోయినేడు ఉప్పలయ్యగారి భార్య కూడికలోనూ ఇదే విన్నాను. ఆవిడ అరిస్తే హసన్‌పర్తి చెరువు దాకా వినపడేది.

బక్కమ్మ పెద్దమ్మ లెక్కన అమ్మ మొండి మనిషి. పాస్టరుగారి లెక్కన అమ్మ మేకపిల్ల. తమ్ముడికి రామగుండం ట్రంకాల్ చేస్తే, "అమ్మనా? మస్తు నవ్వించేది గదనే! నాయన నడకను నడిచి సూపిచ్చేది" అన్నాడు. ముగ్గురు మూడు రకాలు. మధ్యలో ఎక్కడో సగటు తీసుకుందామని కాలేజీలో రాజేశ్వర్ రావుతో అన్నాను.

ఆయన మొదటిసారి పాన్ ఉమ్మేసి మాట్లాడాడు. "సగటు తీస్తె మీ అమ్మగారు పోతది సార్. ఇంకోపారి పోతది. మూడు రాయుండ్రి."

రాత్రి అన్నం సయించలేదు. వంకాయ.

3 సెప్టెంబరు

ఇవాళ నాయన దగ్గర కూర్చున్నాను. కారణం అడగలేదు. అమ్మ మాట్లాడటం ఆగినప్పుడు ఏం జరిగిందో యాదికి ఉన్నంత చెప్పమన్నాను. ఆయన వెంటనే చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా తయారుగా పెట్టుకున్నట్టు చెప్పాడు.

"తప్పు నాదే. మీ అమ్మ సర్చిల పాట పాడింది. అందరు బయటికి వచ్చినంక నేను నవ్వులాటకు, నీ పాట ఇంజను కూత తీరుగ ఉన్నదన్న. అందరు నవ్విండ్రు. మా షెడ్డుల ఇంజను కూతంటె మంచి మాటనే గదరా? ఆమెకు అట్ల అనిపియ్యలేదు. గప్పటి సంది పాటా లేదు, మాటా లేదు."

ఇన్నేళ్ళూ నాయన ఈ నేరానికే శిక్ష అనుభవిస్తున్నాడు. పాపం, వేరే కేసులో.

"మార్త పోయినప్పుడు?" అన్నాను.

 ఏదో గూడ్సు బండి పోయింది. దాని ఇంజను ఏ రకమో చెప్పలేదు.

"ఆమె అన్నం పెట్టింది" అన్నాడు. "నేను తినకుంటె ఆమె ఇంకింత ఏడుస్తదని తిన్న. గొంతు దిగలె. అయినా తిన్న."

"ఏడ్వలేదా నాయనా?"

"ఇంట్ల ఏడిస్తె ఆమెకు ధైర్నం ఎవలు చెప్తరు? డూటీకి పోయి ఏడ్సిన. ఇంజను కిందికి జొచ్చి. ఆడ ఎవలు జూస్తరు?"

నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆమె చూడాలనుకున్నది అదే నాయనా, నువ్వు ఏడవడమే. చెప్పలేకపోయాను. మంచినీళ్ళు తెస్తానని లేచి వచ్చి, నీళ్ళు తీసుకెళ్ళడం కూడా మరిచిపోయాను.

5 సెప్టెంబరు

గురుపూజ. పిల్లలు పెన్ను ఇచ్చారు. పెన్నుతోనే రాస్తున్నాను, రాయడానికి ఏమీ లేదు. కోపం మీదనే పోయిందా అన్నదే నాయన అడిగింది. కోపం ఎలా మొదలైందో దొరికింది. పోయిందో లేదో చెప్పగల మనిషి చనిపోయింది. ఇదే చెప్పాలి ఆయనకు, ఇంకేం చెప్పను?

8 సెప్టెంబరు, మంగళవారం

నేనొక గాడిదను. తేదీ వేసి రాసుకుంటున్నాను, భవిష్యత్తులో పనికొస్తుంది.

విమల చపాతీలు చేస్తోంది. నేను గుమ్మానికి ఆనుకుని నా పరిశోధన అంతా చెప్పాను. మార్త సంగతి చెప్పాను, కూత సంగతి చెప్పాను, ఇక సాక్షులు లేరు అన్నాను. ఆమె చపాతీ తిప్పి, మళ్ళీ తిప్పి, పెనం దించి పక్కన పెట్టింది.

"వర్ధన్నపేట దాక పోయిండ్రు. రామగుండం ఫోన్ చేసిండ్రు. పద్నాలుగేండ్ల సంది ఆ ఇద్దరి నడుమ తిరిగింది ఎవరు? నన్నడిగిండ్రా ఒక్కనాడన్న?"

అడగలేదు. సాక్షి నా వంటింట్లోనే ఉంది.

"నేను అత్తమ్మను అడిగిన. మనకు పెండ్లయిన కొత్తల్నే. మామయ్యతోని ఎందుకు మాట్లాడవత్తమ్మా అని. నవ్వింది. 'మొదలు కోపమే బిడ్డా. చిన్నోడు కడుపుల పడెటాలకే పోయింది. కోపం పోయినంక ఏమని మొదలుపెట్టాలె? గన్ని దినాలు మాట్లాడకుండ ఉండి, ఒక్కపారి ఏమయ్యా అని పిలువాలంటె సిగ్గయింది. ఆయన మొదలుపెడ్తె నేను అందుకుందామని సూసిన. ఆయన మొదలుపెట్టకపాయె. ఇగ గట్లనే అలవాటయింది' అన్నది. మీకు తెలుసనుకున్న నేను."

అందరూ నాకు తెలుసనే అనుకుంటారు. లెక్చరరును కదా.

"ఇంకో మాట గూడ చెప్పింది. కోపానికి రానియ్యకుండ్రి."

"చెప్పు."

"'కృపతోని కబురు పంపితె సగం మింగేటోడు' అన్నది."

నిజమే. 'మీ నాయనకు చెప్పు, మబ్బు పట్టింది, గొడుగు తీస్కపొమ్మను, మొన్ననే జరం పడి లేసిండు' అని అమ్మ అంటే, నేను గోలీలాట మధ్యలోంచి పరిగెత్తుకెళ్ళి, "నాయనా, గొడుగట" అనేవాణ్ణి. పనికొచ్చేది ఉంచి మిగతాది తీసేయడం. ఇదే విద్య తరువాత నాకు ఫస్టు క్లాసు తెచ్చిపెట్టింది.

విమలను కూర్చోబెట్టి తనకు గుర్తున్నవన్నీ చెప్పమన్నాను. చపాతీలు చల్లారిపోయాయి. ఒక్కటీ మింగకుండా చెప్పింది. వింటుంటే నాకు ఏడుపొచ్చింది. జలుబు కాదు.

9 సెప్టెంబరు

పాత రిపోర్టు చించేశాను. ప్లస్ మైనస్ గుర్తు దగ్గర చెయ్యి కాస్త ఆగింది.

10 సెప్టెంబరు

నాయనకు ముందే చెప్పేద్దామని వరండాలోకి వెళ్ళాను. వానలు ఎట్లున్నయి నాయనా అన్నాను. వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. కాళ్ళ నొప్పులు తగ్గినయా అన్నాను. వచ్చేశాను. ఈ ఇంట్లో ఎదురుగా నిలబడి మాట చెప్పడం ఎవరికీ రాదు. కూడికలో కాగితం చూసి చదవాల్సిందే. ఆయన తట్టుకుంటాడా? పది మందిలో పరువు పోయిందంటాడా? భయంగా ఉంది.

11 సెప్టెంబరు, శుక్రవారం

సిలబస్ కమిటీ. నా ప్రతిపాదనను ప్రిన్సిపాల్‌గారే చదివారు. 'అదనపు బరువు' దగ్గర అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. అప్పుడు నేను లేచి, ఈ ప్రతిపాదన నాకు వద్దు, హ్యుమానిటీస్ ఉంచాలి అన్నాను. ఎలక్ట్రికల్ సాంబయ్య, నాకు కరెంటు షాకు కొట్టిందేమోనన్నట్టు చూశాడు.

"కారణం?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

స్నానం చేస్తూ గొప్ప ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నిలబడితే ఒక్క ముక్క గుర్తు రాలేదు. "మన పిల్లలకు జవాబు కట్టడం వస్తుంది సార్. అడగడం రాదు. నాకూ రాదు" అన్నాను.

"ఏం అడగడం?"

"ఆ రోజు ఏం వండారు అని."

 సాంబయ్య నా చొక్కా లాగి, "కూసో అన్నా, పాణం బాగలేదా?" అన్నాడు గుసగుసగా. తల్లి పోయిన మనిషి, పోనీలెండి అన్నట్టు అందరూ కాగితాల్లోకి చూశారు. నాకు చెప్పాలనే ఉంది. ఇన్ని డిగ్రీలు పెట్టుకుని మా అమ్మను ఒక బాయిలరులా రాశానని, తన పాఠానికి తనకే నిద్రొచ్చే ఒక మనిషి నేర్పిన ఒక్క ప్రశ్న వల్ల ఆమె నాకు మళ్ళీ దొరికిందని. అది సిలబస్ కమిటీలో చెప్పే మాట కాదు. లేదా నాకు చెప్పడం రాదు.

ఆఖరికి తేలిందేమిటంటే, కంప్యూటరు గదికి ఏసీ మిషను రాలేదు. ఏసీ లేనిదే కంప్యూటరు రాదు. కాబట్టి ఈ ఏడాదికి పాత పేపరే. హ్యుమానిటీస్‌ను కాపాడింది ఏసీ మిషను, నేను కాదు.

రాజేశ్వర్ రావుకు చెబితే ముఖం వేలాడేశాడు. "ఇంకో ఏడాది చెప్పాలెనా?" అన్నాడు. నేనూ వెనక బెంచీలో కూర్చుంటానన్నాను.

"వద్దు సార్. మీరు కూసుంటె నేను చదువుకోని రావాలె" అన్నాడు. కూర్చుంటాను.

13 సెప్టెంబరు, ఆదివారం

ఎవరూ పడుకోలేదింకా. గిన్నెల చప్పుడు వినపడుతోంది. ఇప్పుడే రాసేస్తాను, రేపటికి దీన్ని కూడా కుదించేస్తానని భయం.

షామియానా నిండింది. బక్కమ్మ పెద్దమ్మను కూతురు చెయ్యి పట్టుకుని తెచ్చింది. బల్ల మీద అమ్మ ఫోటో, మల్లెపూలు. నాయన ముందు వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష ఫలితాలకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. నేను కాగితాలు పట్టుకుని లేచాను. 

శీర్షికలు లేకుండా చదివాను. అమ్మ మొండిదని, మేకపిల్ల అని, నాయన నడకను నడిచి చూపించేదని, మూడూ చదివాను. నవ్వారు. మార్త పేరు చదివాను. బక్కమ్మ పెద్దమ్మ వండిన పప్పన్నం గురించి చదివాను. అమ్మ గోడకు నిలబడి ఏం చూసిందో చదివాను. నాయన ఆ అన్నం ఎందుకు తిన్నాడో, ఏ ఇంజను కింద ఏడ్చాడో చదివాను. అక్కడ ఒకే వాక్యం రెండుసార్లు చదివాను. విమల నీళ్ళు తెచ్చిచ్చింది.

తరువాత అమ్మ విమలతో పంపిన కబుర్లు చదివాను, పూర్తిగా.

'మీ మామకు చెప్పు, అరుగు మీద మంచు పడుతాంది, గొంగడి కప్పుకొమ్మను, ఆయనకు ఎదల సలి నిలుస్తది. మీ మామకు చెప్పు, రిటైరయిండని రంది పడుతాండు, షెడ్డు దాక పోయి జర ఆళ్ళతోని ముచ్చట పెట్టి రమ్మను. మీ మామకు చెప్పు, చేపల ముండ్లు నేను తీసిన, సూడకుండ తినొచ్చు. మీ మామకు చెప్పు, ఆయన అంగీ గుండీ నేనే కుట్టిన, నువ్వు కుట్టినవని చెప్పకు.'

ఆఖరున, విమలతో అమ్మ అన్న మాట చదివాను. కోపం చిన్నోడు కడుపులో పడేనాటికే పోయిందని, ఆ తరువాతిదంతా సిగ్గేనని, ఆయన మొదలుపెడితే అందుకుందామని చూసిందని.

కాగితాల మీది నుంచి తలెత్తడానికి ధైర్యం చాలలేదు. పాస్టరుగారు, ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

నాయన లేచాడు. మైకు దగ్గరికి రాలేదు. మా వైపు చూడలేదు. ఫోటో ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా నిలబడ్డాడు. అమ్మను పిలవాలంటే ఆయన దగ్గేవాడు, తలుపు చప్పుడు చేసేవాడు. పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు.

"రాహేలూ" అన్నాడు.

ఆ పేరుకు ఆయన నోరు సరిగా తిరగలేదు.

"నాకు గూడ సిగ్గే అయింది."

వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేశారు.